కేటో నోట సిసెరో మాట

చిరంజీవికి,

వృద్ధాప్యం మీద ప్రాచీన రోమన్ రచయిత, రాజకీయ నాయకుడు సిసెరో రాసిన పుస్తకం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. సూక్తులు చక్కగా ఏరావు గానీ, ఎవరు ఎవరితో అన్నారో ఎక్కడా చెప్పలేదు. ముందు అది సరిచెయ్యి.

సిసెరో దాన్ని క్రీ.పూ. 44లో, 62 ఏళ్ల వయసులో రాశాడు. అంతకు ముందు ఏడాదే కూతురు తుల్లియా చనిపోయింది. రోమ్ అధికారమంతా సీజర్ చేతికి పోయి, రాజకీయాల్లో సిసెరోకు పని లేకుండా అయింది. ఈ రెండూ మొదటి పేరాలోనే రావాలి. లేకపోతే ఆ పుస్తకం ఇచ్చే ఓదార్పు ఎవరికి కావలసి వచ్చిందో పాఠకుడికి అందదు. అయితే పుస్తకంలో మాట్లాడేది సిసెరో కాదు, ఆయనకు ముందు తరాల రోమన్ నాయకుడు కేటో. క్రీ.పూ. 150లో, తన 84వ ఏట, స్కిపియో, లీలియస్ అనే తనకంటే చిన్నవాళ్లు అడిగితే చెబుతాడు. అందుకని ఉటంకించిన ప్రతిచోటా 'కేటో అంటాడు' అనే రాయి.

ముసలితనం మీద వేసే నిందలు నాలుగు: పనులకు దూరం చేస్తుంది, ఒళ్లు సడలుతుంది, సుఖాలు పోతాయి, చావు దగ్గరపడుతుంది. నువ్వు నాలుగింటికీ సమానంగా చోటిచ్చావు. రెండోదాని మీద ఎక్కువసేపు నిలు. బలం తగ్గదని కేటో బుకాయించడు. ఉన్న బలానికి తగ్గ పని చెయ్యమంటాడు. మితంగా వ్యాయామం, ఒంటికి శక్తినిచ్చేంత వరకే తిండి, అంతకు మించితే అదే బరువు. మనసును ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి, నూనె పోయకపోతే దీపంలా అదీ కొండెక్కుతుంది. ఆ రోజు తాను అన్నవీ విన్నవీ చేసినవీ సాయంత్రం గుర్తుచేసుకోవడం ఆయన అలవాటు. పాఠకుడు రేపటి నుంచే చేయగల పని ఇది, సూక్తుల కింద దాన్ని పూడ్చెయ్యకు.

లీలియస్ ఆక్షేపణను నువ్వు పూర్తిగా వదిలేశావు. 'కేటో, నీకు డబ్బూ హోదా ఉన్నాయి కాబట్టే ముసలితనం భారం కావడం లేదు కదా' అంటాడతను. అందులో కొంత నిజముందని కేటో ఒప్పుకుంటాడు: కటిక పేదరికంలో జ్ఞానికైనా వృద్ధాప్యం తేలిక కాదు. మన పాఠకులు మొదట అడిగే ప్రశ్న అదే.

ఇక చరిత్రలోని అసలు కేటో సంగతి. సాగు గురించి తాను రాసిన పుస్తకంలో, ముసలి బానిసను అమ్మెయ్యమని యజమానికి సలహా ఇచ్చాడు. దీన్ని గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ గట్టిగా తప్పుబట్టాడు. సిసెరో సృష్టించిన కేటో ద్రాక్షతోటల గురించి మురిసిపోతూ మాట్లాడతాడు, ఆ తోటల్లో ముసలివాళ్లైన బానిసల ఊసే ఎత్తడు. ఈ సంగతిని ఒక పేరాగా రాసి ద్రాక్షతోటల భాగం అయిన వెంటనే పెట్టు, మరణం గురించిన చర్చ ఆ తర్వాతే రావాలి. ఐదారు వాక్యాలు చాలు, తిట్లు అక్కర్లేదు. మార్చిన ప్రతిని పంపు.