నీ మైటోకాండ్రియా వ్యాసం చదివాక

అమ్మాయీ,

వ్యాసం తీరిగ్గా చదివాను. ‘ఒత్తిడి వస్తే కణం ప్రోటీన్ల తయారీ ఆపేస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అన్నీ ఆగిపోతే ఇక కణం తేరుకునేదెలా? పాఠకుడు అడగబోయేది అదే.

ప్రోటీన్ల తయారీ మొదలవడానికి కావాల్సిన ఇఐఎఫ్2 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించి ఆ తయారీని తగ్గించే ఎంజైములు, అంటే కైనేజులు, నాలుగింటినీ వరసగా అప్పజెప్పావు. పెర్క్, జీసీఎన్2, పీకేఆర్‌లను ఈసారికి వదిలెయ్. నీ విషయం మైటోకాండ్రియా గనక నాలుగోదైన హెచ్‌ఆర్‌ఐ చాలు. మైటోకాండ్రియాలో ఇబ్బంది వస్తే ఆ కబురు బయటున్న హెచ్‌ఆర్‌ఐకి ఎలా చేరుతుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 2020లో రెండు బృందాలు విడివిడిగా ఆ దారి కనిపెట్టాయి. మైటోకాండ్రియా లోపలి పొరలోని ఓమా1 అనే ఎంజైము డెలె1 అనే ప్రోటీన్‌ను కోస్తుంది. తెగిన ముక్క సైటోప్లాజంలో చేరి హెచ్‌ఆర్‌ఐని పట్టుకుని పనిలోకి దింపుతుంది. ఇంత మంచి డిటెక్టివ్ కథ చేతిలో పెట్టుకుని పేర్ల పట్టిక ఇస్తావా!

కణం తేరుకోవడానికి కావాల్సిన జన్యువులను పనిలోకి దింపే ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ దగ్గర మాత్రం తొందరపడకు. దాని ఎంఆర్‌ఎన్‌ఏలో, అంటే తయారీ సూచనలున్న ప్రతిలో, అసలు సందేశానికి ముందు రెండు చిన్న సందేశాలుంటాయి. మొదటిది చదివిన రైబోజోమ్, అంటే ప్రోటీన్లు అల్లే యంత్రం, మళ్లీ మొదలుపెట్టాలంటే ఇఐఎఫ్2 మోసుకొచ్చే మిథయోనిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. మామూలప్పుడు అది వెంటనే అందుతుంది, రెండోదాని దగ్గరే చదవడం మొదలవుతుంది. ఆ రెండోది అసలు సందేశం మొదలు మీదుగా సాగుతుంది గనక ఏటీఎఫ్4 తయారు కాదు. ఒత్తిడిలో ఇఐఎఫ్2కి ఫాస్ఫేట్ తగలడంతో సరఫరా ఆలస్యం. బస్సులో కునుకు తీసి స్టాపు దాటిపోయినవాడిలా రైబోజోమ్ రెండోదాన్ని దాటేసి, సరిగ్గా ఏటీఎఫ్4 దగ్గర దిగుతుంది. మిగతా తయారీని తగ్గించిన కొరతే దీన్ని పెంచుతోందన్నమాట. ఈ పేరాను ఎంత సాగదీసినా నేను కత్తెర వేయను.

‘కణం తెలివిగా నిర్ణయించుకుంటుంది’ కొట్టెయ్. అక్కడ నిర్ణయించేవాళ్లెవరూ లేరు. ‘పవర్‌హౌస్’ కూడా తీసెయ్, అది పదో తరగతిలోనే అరిగిపోయింది. దాని బదులు, మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 13 ప్రోటీన్లకే సమాచారం ఉందనీ, మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్లు బయట తయారై లోపలికి రావాల్సిందేననీ రాయి. బయట తయారీ తగ్గితే లోపల ఊరట ఎందుకో అప్పుడు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ఇదంతా మేలే అన్నట్టు ముగించావు. ఒత్తిడి వదలకుండా సాగితే ఈ దారే చాప్ అనే ప్రోటీన్ ద్వారా కణాన్ని చావు వైపు నెట్టగలదు. అదీ చేర్చు. నిడివి పెరుగుతుందని టెన్షన్ వద్దు, మూడు కైనేజులు ఖాళీ చేసిన చోటు ఉందిగా.