అడ్వాన్సు తీసుకుని పని ఆపేసిన ఇంటి కాంట్రాక్టర్: పోలీసులు కాదన్నాక ఎక్కడికి?

'సివిల్ గొడవ' అని స్టేషన్‌లో పంపేశారంటే దారులన్నీ మూసుకున్నట్టు కాదు. సొంత ఇంటి పని కాబట్టి మీరు వినియోగదారులే, డబ్బు తీసుకుని పని ఆపేయడం సేవాలోపం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

1. ముందు కాంట్రాక్టర్‌కు నోటీసు: ఎంత ఇచ్చారు, ఏ పని మిగిలింది, ఏ తేదీలోగా చేయాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

2. అగ్రిమెంటు రాసుకోలేదా? వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటు పనికొస్తాయి. మిగతా పని వేరేవాళ్లకు అప్పగించే ముందే ఫొటోలు తీయండి.

3. చాలామంది దెబ్బతినేది గడువు దగ్గరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. నోటీసు పంపితే ఆ లెక్క ఆగిపోదు! అతను 'వచ్చే నెల, వచ్చే నెల' అని తిప్పుతున్నా అంతే, ఆగుతుందని నమ్ముకోవద్దు.

మీరుంటున్న జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు.