రెండు సబ్జెక్టులకీ ఒకటే నోట్‌బుక్

చి. అమ్ములుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

బీఏలో హిస్టరీ, పొలిటికల్ సైన్స్ రెండూ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఉద్యోగాల మాటెత్తి టెన్షన్ పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, పట్టించుకోకు.

నేను చెప్పాలనుకున్నది చదివే పద్ధతి గురించి. ఈ రెండింటికీ సిలబస్‌లు వేరు, పరీక్షలు వేరు. దాంతో పిల్లలు తేదీలు ఒక పక్క, ఆర్టికల్ నంబర్లు ఒక పక్క బట్టీపట్టి, పరీక్ష కాగానే రెండూ మర్చిపోతారు. నువ్వు ఒకటే నోట్‌బుక్ పెట్టుకో. ఎడమ పేజీలో చట్టం, కుడి పేజీలో దానికి ముందు జరిగినవి రాయి.

రాజ్యాంగంలోని 371డి ఆర్టికల్‌తో మొదలుపెట్టు. చదువుల్లో, ప్రభుత్వోద్యోగాల్లో అన్ని ప్రాంతాలవాళ్ళకీ సమానావకాశాల గురించి అందులో ఉంటుంది. అది 1973లో 32వ సవరణతో వచ్చింది. ఆ ఏడాదే ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల తగాదా తీర్చడానికి కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం. దానికి ముందు, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు (తెలంగాణలో ప్రభుత్వోద్యోగాలు స్థానికులకే అన్న పాత నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, ఆ వెంటనే ఆంధ్రని వేరు రాష్ట్రం చేయమన్న జై ఆంధ్ర ఉద్యమం. ఇంకా వెనక 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, విలీనానికి ముందు రెండు ప్రాంతాల నాయకులు చేసుకున్న 1956 పెద్దమనుషుల ఒప్పందం. ఇవన్నీ తెలుసుకుని మళ్ళీ 371డి చదువు. ఏ మాట ఎవరి భయానికి జవాబుగా రాశారో కనబడుతుంది.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో తెలంగాణ గురించి రాసిన భాగం నువ్వే స్వయంగా చదవాలి. కమిషన్ తెలంగాణని ఆంధ్రలో విలీనం చేయమందని కొందరు, వద్దందని కొందరు గట్టిగా వాదిస్తారు. నిజానికి అందులో ఉన్నది వేరు: తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రం పేరుతో ప్రస్తుతానికి విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపాలని. కానీ 1956 నవంబరు 1నే కలిపేశారు. ఎందుకు ఆగలేదన్న దానికి ఏ ఒక్క సబ్జెక్టూ పూర్తి జవాబివ్వదు.

1969లో చదువు ఆగిపోయినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అప్పటి పేపర్లతో పోల్చి చూడు. తేడా వస్తే ఏదీ కొట్టేయకు, రెండూ ఉంచు.

నీకూ ఒక పక్షం ఉంటుంది, ఉండనీ. కానీ సెమినార్‌లో అవతలివాళ్ళ వాదన వాళ్ళు ఔననేలా చెప్పాకే నీది మొదలుపెట్టు.

కమిషన్ నివేదిక నా దగ్గరుంది. దసరా సెలవులకి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

మీ పెద్దమ్మ