టాలిన్‌లో ఓడ ఆగిన రోజు: ముందు కింది ఊరు, తరువాత కొండ

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఓడ ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో పొద్దున ఎనిమిదింటికి ఆగి సాయంత్రం ఐదింటికి బయలుదేరుతుందన్నావు. తొమ్మిది గంటలు కదా అని ధీమాగా ఉండకు. అందరూ తిరిగి ఎక్కేయాల్సిన వేళ మామూలుగా అరగంట ముందే ఉంటుంది. దిగేటప్పుడు వరుసలో ఒక అరగంట, రేవు నుంచి రానుపోను నడకకి ఒక గంట పోతాయి. లెక్క వెనక నుంచి వేసుకో: మూడున్నరకల్లా రేవు వైపు మొహం తిప్పాలి.

గడియారం సంగతి ముఖ్యం. డెన్మార్క్, స్వీడన్ కంటే ఎస్టోనియా ఒక గంట ముందుంటుంది. ఫోన్ తనంతట తానే మారుతుంది, మామగారి చేతి గడియారం మారదు. ఓడ టైము మారాక ఆ చేతి గడియారాన్ని నమ్ముకుంటే సరిగ్గా గంట ఆలస్యంగా వస్తారు, ఓడ ఆగదు. దిగే ముందు ఓడలో ఏ టైము నడుస్తోందో అడిగి దానికే అన్నీ కలుపు.

మీ అత్తమామల భారత పాస్‌పోర్టులకు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. ఓడ మధ్యలో ఇంగ్లండులో ఆగి మళ్లీ ఇటు వచ్చేదైతే ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా చాలదు. టికెట్ కొనేముందే దారి చూసుకో. 2011 నుంచి ఇక్కడ యూరోలే. కార్డు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. కోపెన్‌హాగెన్‌లో మిగిలిన క్రోనర్లు ఇక్కడ చెల్లవు.

ఇక నడక. పాత ఊరు రెండు ముక్కలు: వర్తకులు కట్టుకున్న కింది ఊరు, దొరలూ బిషప్పులూ ఉన్న తోంపియా కొండ. ఓడవాళ్ల టూర్ బస్సులు చాలావరకు జనాన్ని ముందు కొండ మీద దింపి కిందికి నడిపిస్తాయి. అందుకే తొమ్మిదిన్నర, పది వేళకి పైన జనం కిటకిట, కింద వీధులు ఖాళీ. నువ్వు తలకిందులుగా చెయ్యి. ఇంకో లాభం ఏమిటంటే, కొండ మీద ఊరు చూడ్డానికి కట్టిన కోహ్తూఓత్స చపటా తూర్పు వైపు చూస్తుంది. పొద్దున ఎండ కళ్లలో పడి ఫోటోలు నల్లగా వస్తాయి. మధ్యాహ్నం దాటాక ఎండ వీపు వెనక ఉంటుంది, ఎర్ర పెంకుల కప్పులన్నీ వెలుగుతాయి.

రేవు నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే లావు మార్గరెట్ అనే గుండ్రటి బురుజు వస్తుంది. గోడలు 5 మీటర్ల దాకా మందం, పేరు ఊరికే రాలేదు. ఆ పక్క ద్వారంలోంచి పిక్ వీధిలోకి వెళ్తారు. పిక్ అంటే పొడుగు. ఈ ఒక్క వీధే వర్తకుల చరిత్రంతా చెబుతుంది, తొందరపడకండి. నల్లతలల సంఘం ఇంటి చెక్కడపు తలుపు చూడండి. పెళ్లికాని వర్తకుల సంఘం అది. పెళ్లయితే అదే వీధిలో ఉన్న పెద్ద గిల్డు అనే వర్తక సంఘంలోకి మారేవారట. దానికి దగ్గరలోనే పవిత్రాత్మ చర్చి గోడ మీద 17వ శతాబ్దపు గడియారం ఉంది.

దారిలోనే ఓలెవిస్తే చర్చి. శిఖరం 124 మీటర్లు, పిడుగులు పడి ఎన్నోసార్లు కాలింది. వేసవిలో గోపురం ఎక్కనిస్తారు: ఇరుకైన రాతి సుడిమెట్లు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకటే దారి. మధ్యలో మోకాలు పట్టేస్తే వెనక్కి తిరగడం కష్టం. అత్తగారిని ఎక్కించకు. నువ్వు ఎక్కాలంటే గేటు తెరవగానే ఎక్కు.

టౌన్‌హాల్ చౌకులో 1404లో పూర్తయిన గోథిక్ భవనం ఉంది. ఎదురుగా 1422 నాటికే నడుస్తున్న మందుల దుకాణం ఇప్పటికీ మందులు అమ్ముతోంది, లోపలికి వెళ్లి చూడొచ్చు. చౌకులో కుర్చీలు వేసిన హోటళ్లలో మాత్రం తినకండి. భోజనానికి కాదు, ఆ కుర్చీకి డబ్బు కడతారు. రెండు సందులు లోపలికి వెళ్లండి. మాంసం తినరు కనుక ‘ఇల్మా లిహతా’ అని అడుగు, మాంసం లేకుండా అని అర్థం. సూప్ విషయంలో మళ్లీ అడుగు. కూరగాయల సూప్‌ని కూడా మాంసం మరిగించిన నీళ్లతో చేయడం మామూలే. నల్ల రొట్టె, వెన్న అందరూ తినగలరు. ఓడలోంచి పండ్లు, శాండ్‌విచ్‌లు బయటికి తెచ్చుకోవడాన్ని నమ్ముకోకు, చాలా ఓడలు ఒప్పుకోవు.

కొనాలనుకుంటే మ్యూరివహె వీధిలో గోడ వెంబడి ఉన్ని అల్లికలు, జూనిపర్ చెక్క గరిటెలు దొరుకుతాయి. గరిటె వాసన చూడు, ఏళ్లు పోయినా ఉంటుంది. అంబర్ పూసలు మాత్రం ఈ ఊరి సరుకు కాదు, దక్షిణాన లిథువేనియా, పోలండ్ వైపు తీరం నుంచి వస్తాయి.

ఒంటిగంటకి కొండ. నువ్వు పొట్టి కాలు అనే మెట్ల సందులోంచి ఎక్కు, పెద్దవాళ్లని ఫోన్ యాప్‌లో పిలిచే బోల్ట్ టాక్సీలో నెవ్‌స్కీ కథీడ్రల్ అనే పెద్ద చర్చి దగ్గర దింపు. (బోల్ట్ పుట్టింది ఈ ఊళ్లోనే.) కథీడ్రల్‌లో ఫోటోలు తీయకూడదు. ఎదుటి గులాబీ రంగు భవనమే పార్లమెంటు. అక్కడి నుంచి కోహ్తూఓత్స, పక్కనే పాత్కులి చపటాలు. జనం ఉన్నచోట జేబులు జాగ్రత్త.

దిగడానికి పాత్కులి దగ్గర 157 మెట్లున్నాయి. దిగితే గోడ బయటి పార్కుల మీదుగా నేరుగా లావు మార్గరెట్‌కి చేరవచ్చు, దారి బాగుంటుంది. కానీ నొప్పి మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. పెద్దవాళ్లని పొడుగు కాలు అనే దారిలో దింపు, అది వాలు, మెట్లుండవు.

నేలంతా గుండ్రాళ్లు. చెప్పులు, ఎత్తు మడమల బూట్లు వద్దు, వాన పడితే జారతాయి. మందపాటి అడుగున్న బూట్లు వేయించు, చక్రాల సామాను తేవద్దు. జూలైలో కూడా సముద్రపు గాలికి 15 డిగ్రీలే అనిపిస్తుంది, చీర మీదకి గాలి ఆపే జాకెట్ ఒకటి పెట్టు. గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న వానకోటే నయం.

ఓడ తప్పిపోతే ఫోన్ చేయాల్సిన రేవు ఏజెంటు నంబరు ఓడవాళ్లు ఆ రోజు ఇచ్చే కాగితం మీద ఉంటుంది. దాన్ని ఫోటో తీసి మామగారి ఫోన్‌లోకి కూడా పంపు.

పెద్దమ్మ