క్యారవాన్‌లో సిగరెట్టు వాసన: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

చిత్తూరు నుంచి మామయ్య ఆశీస్సులు. నువ్వు పాత క్యారవాన్ కొన్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. టెంపో ట్రావెలర్ మీద కట్టిన బండి, రెండు పడకలు, చిన్న వంటగట్టు, పైన ఏసీ, ధర కూడా కలిసివచ్చిందట. చిక్కల్లా సిగరెట్టు వాసనే. పాత యజమాని తలుపులు మూసుకుని లోపలే కాల్చేవాడట కదా. బస్సులకూ వ్యాన్లకూ సీట్లు కుడుతూ బతికినవాణ్ణి, ఇలాంటి బండ్లు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. నువ్వు అనవసరమైన ఖర్చుల్లో పడకముందే నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ బండిలో పొగ ఎప్పుడో పోయింది. అది వదిలిన జిడ్డు మిగిలింది. నికోటిన్, తారు కలిసి పైకప్పుకూ, చెక్క అరలకూ, కర్టెన్లకూ, పరుపుల ఫోముకూ పట్టి ఉంటాయి. బండి వేడెక్కినప్పుడల్లా అందులోంచి వాసన లేస్తూనే ఉంటుంది. అందుకే సెంటు సీసా వేలాడదీస్తే నాలుగు రోజులు మల్లెపూలూ సిగరెట్టూ కలిసిన కంపు వస్తుంది, అంతే. సాంబ్రాణి వేస్తే పోతుందని మీ అమ్మ అంటుంది. వద్దని చెప్పు. అదీ పొగే, దాని మసి కూడా ఆ గుడ్డలకే పడుతుంది. బండి పూజ, నిమ్మకాయలు తొక్కించడం శుభ్రం చేసిన తరువాత పెట్టుకోండి.

వాసనే కదా, కొన్నాళ్లకు అలవాటవుతుందిలే అనుకోకు. ఇలా పేరుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కలిగించగల నైట్రోసమైన్లుగా మారుతుందని 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు చూపించారు. పొగ తాగేవారి వాహనం లోపలి భాగాల మీద కూడా వాళ్లు వాటిని కనుగొన్నారు. నీ చిన్న కూతురు ఆ పడకల మీద పాకుతుంది, పాకిన చేయి నోట్లో పెట్టుకుంటుంది. పని పూర్తయ్యేదాకా పిల్లను బండి ఎక్కించకు.

ఇప్పుడు పని సంగతి. తిరుపతి ఎండ నీకు పెద్ద సాయం, ఈ వేసవిలోనే మొదలుపెట్టు. కార్తీకం దాకా లాగితే ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటాయి, తడిసిన పరుపు ఆరదు, సిగరెట్టు కంపుకు బూజు కంపు తోడవుతుంది. గ్యాస్ సిలిండరు దించేయి, బ్యాటరీ తీగ విప్పించు. విప్పగలిగినవన్నీ బయటికి తీయి. కర్టెన్లు, పరుపుల కవర్లు వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఉతుకు. వాసన పోకపోతే రెండోసారి ఉతుకు. కాలిచాపలు పారేయి, వాటి మీద శ్రమ దండగ.

పైకప్పు దగ్గర మాత్రం తొందరపడకు. వేడి పొగ పైకే పోతుంది కాబట్టి జిడ్డు ఎక్కువగా ఉండేది అక్కడే. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలుపు. నికోటిన్‌కు క్షార గుణం ఉంది, వెనిగర్‌లోని ఆమ్లం తగిలితే అది నీళ్లలో కరిగే లవణంగా మారి గుడ్డకు వచ్చేస్తుంది. సబ్బు ఒక్కటే వాడితే ఇంత బాగా రాదు. తెల్లటి పాత పంచె ముక్క ముంచి, గట్టిగా పిండి, ముందు ఒక మూల అద్ది చూడు. గుడ్డ మీద టీ డికాషన్ రంగు మరక దిగుతుంది. ఆ రంగు రావడం మానేదాకా గుడ్డలు మారుస్తూ తుడవాలి. పైకప్పుకు గుడ్డ లైనింగ్ ఉంటే మాత్రం దాని మీద నేరుగా నీళ్లు చల్లకు. ఆ గుడ్డ వెనుక పలుచని ఫోము, దాని వెనుక జిగురు ఉంటాయి. తడి జిగురు దాకా పోయిందంటే లైనింగ్ ఊడి తల మీదికి వేలాడుతుంది, మళ్లీ అతికించడం పెద్ద ఖర్చు. రుద్దకు, అద్దు. గాలి కోసం కప్పుకు పెట్టిన ఫ్యాను రెక్కలు, దాని చుట్టూ ఉన్న రబ్బరు అంచు మరవకు.

గోడలనూ చెక్క అరలనూ కింది నుంచి పైకి తుడువు. పైనుంచి మొదలుపెడితే గోధుమరంగు నీరు ఎండిన జిడ్డు మీదుగా కారి చారలు కడుతుంది. అరల లోపల, తలుపుల వెనుక కూడా తుడవాలి. సీటు బెల్టులు పూర్తిగా బయటికి లాగి, మళ్లీ లోపలికి పోకుండా క్లిప్పు పెట్టి, మామూలు సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు. వాటికి బ్లీచింగ్ తగలనీయకు, దారం బలం పోతుంది. ఇంకొకటి, వెనిగర్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకు. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బండిలో అది ప్రాణాంతకం.

ఇంత చేసినా వాసన మిగిలితే చాలామంది బండినే తిడతారు. తప్పు ఏసీలో ఉంటుంది. లోపలి గాలినే తిప్పి తిప్పి పీల్చిన ఏసీ అది, దాని కాయిల్ రెక్కల మధ్య తారు పట్టి ఉంటుంది. ముందు డ్రైవరు ఏసీ, పైన పడకల ఏసీ రెండూ మెకానిక్‌తో విప్పించి, కాయిల్‌కు నురుగు మందు కొట్టించి, నీళ్లు పోయే గొట్టం కూడా కడిగించు. డ్రైవరు ఏసీకి కొత్త ఫిల్టరు వేయించు, కానీ కాయిల్ కడిగిన తరువాతే.

వాసన పోగొడతామంటూ ఓజోన్ వాయువు వదిలే యంత్రం పెడతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బరును పగలగొడుతుంది, మిగిలిన నికోటిన్‌తో కలిసి వేరే హానికర పదార్థాలను పుట్టిస్తుంది. జిడ్డు ఉన్నచోటే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

ఫోము సంగతి నా వృత్తి కాబట్టి కచ్చితంగా చెబుతాను. కవరు తీసిన ఫోము మీద వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి వ్యాక్యూమ్‌తో లాగేయి. పగలంతా నీడలో గాలికి ఆరనివ్వు. తరువాత దాన్ని బండిలో పెట్టి, అద్దాలు మూసి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నిలబెట్టి, తలుపు తీయగానే ఫోముకు ముక్కు ఆనించి చూడు. పొద్దున చల్లని వేళ చూస్తే మోసపోతావు. ఎండలో కూడా వాసన రాకపోతే కవర్లు తొడుగు. వచ్చిందంటే ఆ ఫోము ఇక బాగుపడదు, మార్చడమే మేలు.

కాణిపాకం, శ్రీకాళహస్తి యాత్రలకు కుటుంబాలకు బండి కిరాయికి ఇస్తానన్నావట. మంచి ఆలోచన. తిరుమల కొండ మీద పొగాకు ఎలాగూ నిషేధమే, అలిపిరి తనిఖీలో సిగరెట్లు తీసేస్తారు. కొండ దిగిన తరువాత కూడా నీ బండిలో అదే కట్టుబాటు ఉండాలి. కిరాయి మాట్లాడేటప్పుడే నోటితో చెప్పు, తలుపు మీద కూడా రాయించు. ఒక్కరు కాల్చినా నీ శ్రమంతా మొదటికి వస్తుంది.

పడకల ఫోము మార్చవలసి వస్తే పొడవు, వెడల్పు, మందం టేపుతో కొలిచి ఫోనులో పంపు. మూలలు గుండ్రంగా ఉంటే కాగితం మీద అచ్చు గీసి ఫొటో తీయి. కవర్లు రెగ్జిన్ కావాలో గుడ్డ కావాలో కూడా చెప్పు. నన్నడిగితే పడకలకు ఉతికే గుడ్డ, సీట్లకు రెగ్జిన్ మంచిది. ఇక్కడే కుట్టించి తిరుపతి బస్సులో వేస్తాను.

ఇట్లు,
మామయ్య