ఆగస్టులో పిట్టలు లేవనకండి, చెట్లు వదిలి బురద చూడండి

"ఆగస్టంతా పార్కులో చెరువు చుట్టూ తిరుగుతున్నాను, ఒక్క కూత కూడా వినబడదు. చలికాలం దాకా బైనాక్యులర్ లోపల పెట్టేయనా?" అని ఒకరు అడిగారు.

పెట్టేయకండి. కూత లేదన్నది నిజమే. ఉత్తరార్ధగోళంలో చాలా పక్షులకు పిల్లల పెంపకం అప్పటికి ముగుస్తుంది, ఇక పాడాల్సిన పని ఉండదు. పైగా పాత ఈకలు రాలి కొత్తవి మొలిచే రోజులు కాబట్టి ఆకుల చాటునే ఉండిపోతాయి. కానీ ఉత్తరాన చల్లని ప్రాంతాల్లో గుడ్లు పెట్టిన ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు) జూలైలోనే దక్షిణానికి బయలుదేరతాయి. వలస అంటే చలికాలం అనుకుని ఇంట్లో కూర్చునేవాళ్లు ఏటా పోగొట్టుకునేది వీటినే.

అవి దిగేది బురదలో. అదీ అంతటా కాదు. ఎండి పగుళ్లిచ్చిన చోట పురుగులు లోతుకి పోతాయి, ముక్కు దిగదు. నీరు కొత్తగా తీసి ఇంకా తళతళలాడుతున్న పట్టీ, దాని పక్కన అంగుళం లోతు నీళ్లు, అంతే మీకు కావలసింది. అందుకే చెరువు గట్లకి సిమెంటు పూసేసి "అభివృద్ధి" అంటే ఒళ్లు మండుతుంది. ఏటవాలు మట్టి ఒడ్డు పోయిందంటే ఈ పిట్టలకు అక్కడ తిండే లేదు.

పొద్దు పొడిచిన అరగంటకల్లా తూర్పు గట్టున, ఎండ వీపుకి తగిలేలా కూర్చోండి. నిలబడితే మీ ఆకారం ఆకాశం మీద గీసినట్టు కనబడుతుంది, అన్నీ లేచిపోతాయి. పావుగంట కదలకండి. మొదట బురద ఖాళీగానే ఉంటుంది. తరవాత మట్టిగడ్డ అనుకున్నది నడుస్తుంది. తోక ఆపకుండా ఊపుతూ, రొమ్ము పక్కనుంచి తెలుపు ఒక చీలికలా భుజం దగ్గర పైకి ఎక్కి ఉంటే అది కామన్ శాండ్‌పైపర్. లేచినా నీటిని ఆనుకునే, బిర్రబిగిసిన రెక్కల్ని చిన్నచిన్నగా కొట్టుకుంటూ పోతుంది. గ్రీన్, వుడ్ అనే మరో రెండు శాండ్‌పైపర్ల దగ్గరే కొత్తవాళ్లు తప్పుతారు. ఎగిరినప్పుడు తోక మొదలు దగ్గర తెల్లగా మెరిసింది కదా అని గ్రీన్ శాండ్‌పైపర్ అని రాసేసుకుంటారు. ఆ తెలుపు వుడ్ శాండ్‌పైపర్‌కీ ఉంది. చూడాల్సింది రెక్క అడుగు భాగం: గ్రీన్‌కి దాదాపు నలుపు, వుడ్‌కి లేత రంగు. నేల మీద ఉంటే వుడ్‌కి వీపు నిండా చుక్కలు, కంటి మీద పొడవాటి తెల్ల గీత, పసుపు ఛాయ కాళ్లు.

పేరు తేలగానే పక్క పిట్టకి వెళ్లిపోకండి, వయసు కూడా చూడండి. వేసవి చివర్లో అసలు రుచి అక్కడే ఉంది. పెద్దవాటి ఈకలు అంచులు అరిగి, రంగు వెలిసి, చిందరవందరగా ఉంటాయి. ఆ ఏడు పుట్టిన పిల్లకి ప్రతి ఈకా కొత్తది, అన్నీ ఒకే తీరుగా, లేత అంచులతో పొలుసులు పేర్చినట్టుంటాయి. చాలా జాతుల్లో పెద్దవి ముందే వెళ్లిపోతాయి, పిల్లలు కొన్ని వారాల తరవాత, దారి చూపే తల్లిదండ్రులు లేకుండానే అంత దూరం వస్తాయి. ఆగస్టు మొదట్లోనూ ఆఖర్లోనూ అదే బురదను చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది.

బాతుల సంగతి ఒక్క మాట. "మగ మల్లార్డులన్నీ ఏమైపోయాయి?" అని అడుగుతుంటారు. ఎక్కడికీ పోలేదు, తల మీది పచ్చ ఈకలు రాలిపోయి ఆడవాటిలా కనబడుతున్నాయి. ముక్కు చూడండి, మగదానికి పసుపు రంగు అలాగే ఉంటుంది. రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాలడంతో మూడు నాలుగు వారాలు ఎగరలేవు. ఫోటో కోసం వాటిని రెల్లులోంచి బయటికి తరమడం క్రూరత్వం. ఫోన్లో కూత వినిపించి పిట్టల్ని రప్పించడమూ అంతే. ఈకలకూ ప్రయాణానికీ దాచుకున్న శక్తిని మన సరదాకి ఖర్చు పెట్టించకూడదు.

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 42 మిల్లీమీటర్లది) చాలు. 10x చేతిలో ఎక్కువ వణుకుతుంది. అంతకంటే ముఖ్యం, ఉన్నదాన్ని సరిచేసుకోవడం. కుడి కన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా కనబడేదాకా మధ్య చక్రం తిప్పండి. తరవాత ఎడమ కన్ను మూసి, చాలా మోడళ్లలో కుడి కంటి దగ్గరుండే రింగును మాత్రమే తిప్పండి. అది జరక్కుండా చూసుకుంటే తరవాత మధ్య చక్రంతోనే పని. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు కంటి రబ్బర్లను కిందికి తిప్పుకోవాలి, లేకపోతే దృశ్యం చుట్టూ కోసేసినట్టుంటుంది.

ఎండెక్కితే నేల మీది గాలి అలలాడి ఈకల అంచులు కరిగిపోతాయి. దానికి ఖరీదైన లెన్సు కూడా ఏమీ చేయలేదు, జూమ్ పెంచితే ఇంకా పాడవుతుంది. అప్పుడు ఆపేసి, మళ్లీ పొద్దుగూకడానికి అరగంట ముందు రెల్లు దట్టంగా ఉన్న వైపు వెళ్లండి. వలసకు ముందు వానకోవెలలు (స్వాలోలు) రాత్రి నిద్రకు గుంపులుగా చేరేది అలాంటి చోటే. చీకటి పడేదాకా రెల్లు మీద చక్కర్లు కొట్టి, చివరి నిమిషాల్లో జలజలా లోపలికి రాలిపోతాయి.