ట్రాక్టరు చప్పుడుకు లేచి కూర్చునే కొడుకు

నల్లగొండ జిల్లా హాలియా దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. పద్దెనిమిదేళ్ల కొడుకుకు బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టింది. ఇక నెలల లెక్కేనని హైదరాబాదు డాక్టర్లు చెప్పారట. అప్పు తెచ్చయినా కొడుకును కశ్మీర్ తీసుకుపోదామని భర్త, అభిమాన హీరోను కలిపించాలని తాను అనుకుంటున్నామని, రెండింటిలో ఏది మంచిదో చెప్పమని ఆమె అడిగారు.

అమ్మా, రెండూ వద్దు. కోరిక ఏమిటో మీ అబ్బాయి ఎప్పుడో చెప్పాడు, మీరే దాన్ని నాలుగో పేజీలో ఒక్క ముక్కలో దాటవేశారు: "చిన్నబాపుతోటి సాగర్ గేట్లు చూడాలె అంటడు, కానీ వాళ్లకూ మాకూ నాలుగేండ్ల సంది మాటల్లేవు." 2014లో హైదరాబాదులో జబ్బుతో ఉన్న పదేళ్ల బాబును ఒకరోజు పోలీస్ కమిషనర్ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఊరంతా చూసి కళ్లు తుడుచుకున్నది, అది ఆ బాబు నోరు తెరిచి అడిగిన కోరిక కాబట్టే. మీ అబ్బాయి అడగని కశ్మీర్‌కు మీరెందుకు అప్పు చేస్తారు?

సాయంత్రం చిన్నబాపు ట్రాక్టరు రోడ్డు మీద పోతుంటే, అన్నం కూడా ముట్టని పిల్లవాడు చప్పుడు గుర్తుపట్టి, కిటికీ పట్టుకొని లేచి కూర్చుంటాడని రాశారు. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. ఎడమ కాలువ నీళ్లు ముందు ఎవరి మడికి పారాలన్న గొడవ, ఒక గట్టు, పెద్దమనుషుల ముందు పడ్డ నాలుగు మాటలు: బావిలో ఈత నేర్పిన మనిషిని ఆ బిడ్డకు దూరం చేయడానికి ఇవా కారణాలు? తోడికోడలు అన్న మాటను మీరు రెండుసార్లు రాశారు గనుక, పట్టుదల మీ ఆయన ఒక్కరిదే అనుకోలేను.

అన్న తమ్ముడి దగ్గరికి పోతే పరువు పోతుందని మీ ఆయన అంటున్నారట. పెద్దవాడు ముందుగా అడుగు వేయడమే పెద్దరికమని నేను నమ్ముతాను. మధ్యవర్తిని పంపవద్దు, పిల్లవాడి చేత ఫోనూ చేయించవద్దు. రేపు సాయంత్రం ట్రాక్టరు వచ్చే వేళకు మీ ఆయన రోడ్డు మీద నిలబడి, చెయ్యెత్తి ఆపి, "పిలగాడు నిన్ను అడుగుతుండు" అంటే చాలు. ఆ రోజు భూమి మాట ఎత్తవద్దు. గట్టు తగాదా తర్వాతైనా తేల్చుకోవచ్చు.

పోయే ముందు డాక్టరును అడిగి, రక్తకణాల లెక్క చూపించుకోండి. కీమో వల్ల తెల్ల కణాలు తగ్గి ఉంటే గుంపులో తిప్పడం ప్రమాదం. ఆదివారం వదిలి, మామూలు రోజు పొద్దున్నే బయలుదేరండి. మాస్కు పెట్టండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అక్కడి నుంచే ఆసుపత్రికి పోవాలి. సాగర్ 26 గేట్లూ శ్రీశైలం నుంచి వరద దిగితేనే ఎత్తుతారు, దాని కోసం ఎదురుచూసే వ్యవధి మీకు లేదు, కాబట్టి మూసి ఉన్నా ఈ వారమే పొండి. మీ ఆయన కారు నడపాలి, వెనక సీట్లో అబ్బాయి పక్కన చిన్నబాపును కూర్చోనివ్వండి.